"బీపీ మా వంశంలోనే ఉందిలే" అని ఆవకాయ జాడీ దగ్గరకి లాక్కునేవాళ్లకి

ఆ మెసేజ్ నాకు రావటం ఈ వారంలో ఇది ఆరోసారి. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత మా పెద్దత్తయ్య దగ్గర్నుంచి దండం ఎమోజీలతో సహా, నిన్న రాత్రి పదకొండింటికి మళ్లీ బ్యాచ్ గ్రూపులోనే ఇంకొకడు "మన మెడికల్ షాపు గారు ఏమంటారో" అని నన్ను ట్యాగ్ చేసి మరీ. సరే నాయనా, అడిగావు కాబట్టి చెప్తా, సగంలో వదిలెయ్యకుండా చదువు.

మెసేజ్ చూడని అదృష్టవంతుల కోసం: దాని పేరు "బీపీ గురించి మీకు చెప్పని 7 నిజాలు". ఒకటి, బీపీ వంశపారంపర్యం, రాసిపెట్టి ఉంటే ఏం మానినా వస్తుంది. రెండు, మన తాతలు ఆవకాయ, ఎండుచేపలు తిని తొంభై ఏళ్లు బతికారు. మూడు, సైంధవ లవణం వాడితే బీపీ రాదు. నాలుగు, వయసుకి 100 కలిపితే ఎంతొస్తే అదే నార్మల్ బీపీ, 120/80 అనేది కంపెనీల కుట్ర. ఐదు, ఉప్పు అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు. ఆరు, మాత్రలు అలవాటైపోయి కిడ్నీలు పోతాయి కాబట్టి ఆపేసి 21 రోజులు అతిమధురం కషాయం తాగండి. ఏడు, రాగి చెంబు.

చిల్లర ముందు తీసేద్దాం. రాగి చెంబులో నీళ్లు తాగాలనిపిస్తే తాగండి, బీపీకి దానికీ ఏ సంబంధమూ లేదు. సైంధవ లవణం కూడా నూటికి 95 పాళ్లకి పైగా సోడియం క్లోరైడే, గులాబీ రంగుంటే సోడియం కాకుండా పోదు, పైగా చాలా ప్యాకెట్లలో అయోడిన్ కలపరు, అంటే డబ్బులు ఎక్కువిచ్చి అయోడిన్ తక్కువ కొనుక్కుంటున్నారన్నమాట. అయిపోయింది.

వయసు ప్లస్ 100 గురించి ఒక్క ముక్క. వయసుతో పాటు బీపీ పెరగటం జుట్టు నెరవటం లాంటిదని మనందరి నమ్మకం, చుట్టూ అందరికీ పెరుగుతుంటే అలాగే అనిపిస్తుంది మరి. 1988లో ఇంటర్‌సాల్ట్ అని ఒక స్టడీలో 32 దేశాల్లో పదివేల మందికి పైగా బీపీ కొలిచి మూత్రంలో ఉప్పు లెక్కగట్టారు. అందులో అమెజాన్ అడవుల్లోని యానోమామి తెగ వాళ్లు ఉన్నారు, ఉప్పు దాదాపు తెలీని జనం. వాళ్ల సగటు బీపీ 96/61. ముసలాళ్లయినా పెరగట్లేదు. డెబ్బై ఏళ్లాయనకి 170 ఉన్నా "ఏజ్‌కి కరెక్టే" అని గ్రూపులో సర్టిఫికెట్ ఇస్తున్నవాళ్లు ఆ అడవికి ఒకసారి వెళ్లొస్తే మంచిది.

ఇప్పుడు మొదటి పాయింటు. దీన్ని మోసుకొచ్చేవాళ్లు సగం నిజం పట్టుకుని వస్తారు కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. బీపీలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 30 నుంచి 50 శాతం దాకా జన్యువుల వల్లే అని కవలల్నీ కుటుంబాల్నీ చూసి అంచనా కట్టారు, అది కాదనట్లేదు, మా ఇంట్లోనే మా నాన్నకి, ఇద్దరు మేనత్తలకి, ఇప్పుడు మా అన్నయ్యకి ఉంది. కానీ జన్యువు అనగానే వీళ్ల బుర్రలో ఏదో ఒక్క "బీపీ జీన్" నాన్న నుంచి కొడుక్కి ఎకరం పొలంలా రిజిస్ట్రేషన్ అయిపోయి వస్తుందనే బొమ్మ ఉంటుంది. 2018లో పది లక్షల మందికి పైగా జన్యువులు పరిశీలించి బీపీతో సంబంధం ఉన్న చోట్లు మొత్తం 901 అని తేల్చారు, వాటిలో ఎక్కువ వాటికి ఒక్కోదాని బలం ఒక్క పాయింటు కూడా లేదు. చిల్లర నాణేలు, ఎవరి జేబులో ఎన్ని పడ్డాయనేదే తేడా. ఒక్క జీన్ చెడితేనే బీపీ ఆకాశానికి లేచే రోగాలు కూడా ఉన్నాయి, లిడిల్ సిండ్రోమ్ లాంటివి, కానీ అవి చాలా అరుదు, మీ మావయ్యది అది కాదు.

మరి ఈ చిల్లర జేబులో పడినవాళ్లు చేతులెత్తెయ్యాల్సిందేనా? బ్రిటన్‌లో రెండు లక్షల డెబ్బై వేల మందికి పైగా డేటా తీసి చూస్తే జన్యువుల రిస్కు తక్కువున్న గుంపులో, మధ్యరకం గుంపులో, ఎక్కువున్న గుంపులో కూడా, తిండీ బరువూ కదలికా సరిగ్గా ఉన్నవాళ్ల బీపీలో మొదటి అంకె (120/80లో 120 లాంటిది) సరిగ్గా లేనివాళ్ల కంటే నాలుగైదు పాయింట్లు తక్కువుంది. రిస్కు ఎక్కువున్నవాళ్లకి కూడా, చూసుకోండి. నాలుగైదు పాయింట్లేగా అని మూతి విరిచేవాళ్లకి, అది చాలామందికి మాత్ర మొదలెట్టాలా వద్దా అనే గీతకి అటూ ఇటూ ఉండే తేడా.

ఇంకా బాగుండేది ఇంకోటుంది. యాంజియోటెన్సినోజెన్ అని లివర్లో తయారయ్యే ప్రోటీను, రక్తనాళాలు బిగిసే తంతు అక్కడ మొదలవుతుంది. దాని జీన్లో ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల కొందరిలో అది ఎక్కువ తయారవుతుంది, బీపీకి అది చెడ్డ రకం. అమెరికాలో డాష్ అని ఒక ట్రయల్ చేశారు, కూరగాయలు పళ్లు వెన్న తీసిన పాలు పెట్టి జనాలకి వారాల తరబడి వాళ్లే భోజనం వండి ఇచ్చారు, ఆ చెడ్డ రకం రెండు కాపీలూ ఉన్నవాళ్లకే బీపీ ఎక్కువ తగ్గింది. మంచి రకం వాళ్లకి అంత తగ్గలా. అంటే "మా వంశంలో ఉంది, తిండి మార్చి ఏం లాభం" అనే మనిషికి ఆ తిండి అందరికంటే ఎక్కువ పనికొచ్చే అవకాశం ఉంది, ఆయనేమో అప్పడాలు వేయించుకుంటూ కూర్చున్నాడు.

తాతల సంగతి. మీ తాత ఆవకాయ తిని తొంభై బతికాడు, సంతోషం. ఆయన తమ్ముడు యాభై రెండుకి పొలంలో కూలబడి చనిపోతే "గుండె ఆగింది" అన్నారు, ఆయనకి బీపీ ఎంతో ఎవడైనా కొలిచాడా? బతికినాయన ఫోటోకే దండ వేసి లెక్కలు కడితే ఎట్లా. పైగా తాతకి ఆవకాయతో పాటు రోజూ అరక వెనక నడకుంది, దొడ్లో తోటకూరుంది, చేతికి ప్లాస్టిక్ కవర్లో మిక్చర్ లేదు. కెన్యాలో లువో తెగ వాళ్లు పల్లె నుంచి నైరోబీ వలస వెళ్తే కొన్ని నెలల్లోనే బీపీ పెరిగింది, మూత్రంలో సోడియం పెరిగి పొటాషియం తగ్గింది. ఊళ్లో ఉన్నవాళ్లవీ వీళ్లవీ ఒకే తాతల జన్యువులు. బస్సెక్కినప్పుడు జన్యువులు మారవు కదా, మారింది కంచం.

ఇక్కడ నా బండారం కూడా బయటపెడతా. పోయిన ఏడాది మా ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ మీద కత్తిరించిన రోజు పెన్నుతో తేదీ రాశా. నలుగురం. 25 రోజులకి అయిపోయింది. లెక్కేస్తే మనిషికి రోజుకి పది గ్రాములు, కొంత గిన్నెలతో పాటు సింకులో పోయిందనుకున్నా సరే. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే తల గీసిన ఒక టీస్పూను, రోజు మొత్తానికి, అన్నిట్లో కలిపి. నా పది గ్రాముల్లో అమ్మ విడిగా కల్లుప్పు పోసి పెట్టిన ఆవకాయ లేదు, మాగాయ లేదు, అప్పడాల్లో సోడా లేదు (సోడాలో ఉన్నదీ సోడియమే, నాలిక్కి ఉప్పగా తగలదంతే), బయట తిన్న పునుగులు లేవు. ఆంధ్రలో జనాల 24 గంటల మూత్రం పట్టించి కొలిచిన సర్వేలో మనిషికి రోజుకి దాదాపు 9.5 గ్రాములు వచ్చింది, ఢిల్లీ హర్యానా వైపు 8.6. ఈ ఒక్క విషయంలో మనం దేశ రాజధాని కంటే ముందున్నాం, చప్పట్లు. ఇప్పుడు మా ప్యాకెట్ నలభై రోజులు వస్తోంది, అమ్మ ఇంకా నన్ను క్షమించలేదు.

ఐదో పాయింటు దగ్గర నేను ఆగిపోయా. ఉప్పు అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు అంటున్నాడు. ఇది నిజం! ఏడింటిలో ఒక్కటి పక్కా నిజం ఎలా దూరిందో అర్థం కాలా. 1960ల్లో లూయిస్ డాల్ అనే ఆయన న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబులో ఎలుకలకి ఉప్పు ఎక్కువ పెట్టి, బీపీ పెరిగిన వాటిని వాటితో, పెరగని వాటిని వాటితో జత కట్టిస్తూ పోతే కొన్ని తరాలకే రెండు వంశాలు తయారయ్యాయి. ఒకదానికి ఉప్పు పడితే బీపీ జివ్వున లేస్తుంది, రెండోదానికి అదే ఉప్పు పెట్టినా చలనం లేదు. తర్వాత కిడ్నీలు అటుదిటు మార్చి పెడితే బీపీ కూడా కిడ్నీతో పాటే వెళ్లింది. మనుషుల్లో కూడా బీపీ ఉన్నవాళ్లలో సగం మంది దాకా ఉప్పుకి గట్టిగా స్పందించే రకం, లేనివాళ్లలో పావు వంతు. కాబట్టి "పక్కింటాయన నాకంటే ఎక్కువ తింటాడు, ఆయనకేం లేదు" అనేది అబద్ధం కాదు, ఉండొచ్చు. డాక్టర్లు దీన్ని సరిగ్గా వివరించట్లేదనే మాట కూడా ఒప్పుకుంటా, "ఉప్పు తగ్గించండమ్మా" అని చీటీ రాసేస్తారు, ఎంత, ఎందులో, ఎందుకు అనేది చెప్పే టైము ఎవరికీ లేదు, నాకూ షాపులో రష్ ఉంటే లేదు. కానీ నువ్వు ఏ వంశం ఎలుకవో చెప్పే పరీక్ష మామూలు ల్యాబుల్లో దొరకదు. మెసేజ్ రాసినాయన మాత్రం చదివే ప్రతివాడూ రెండో వంశమే అనుకుని రాశాడు.

ఇక ఆరో పాయింటు. అసలు ఇదంతా టైప్ చేస్తున్నది దీనికోసమే.

మా వీధిలో ఒక బాబాయి ఉన్నాడు, వరసకి కాదు, చిన్నప్పట్నుంచి అలా పిలవటం అలవాటు. ఎనిమిదేళ్లుగా ప్రతి నెలా పెన్షన్ పడ్డాక ఐదో తారీకున షాపుకొచ్చి టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర తీసుకెళ్లేవాడు. రెండు నెలలు రాలేదు. కొడుకు దగ్గరకి వెళ్లాడేమో అనుకున్నా. మూడో నెల ఒకరోజు పిన్ని ఆయన్ని ఆటోలో తీసుకొచ్చింది, పాదాలు వాచాయి, నొక్కితే గుంట పడుతోంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటాడు, షాపు ముందున్న రెండు మెట్లు ఎక్కటానికి నా భుజం పట్టుకున్నాడు. కూర్చోబెట్టి ఐదు నిమిషాలాగి చూస్తే 198/104. మిషను తప్పేమోనని రెండో చేతికి చూశా. అదే. ఆ పూటే ఆసుపత్రిలో చేరిస్తే రక్తంలో పొటాషియం 2.6 అని రిపోర్టొచ్చింది, 3.5 ఉండాలి కనీసం. ఏం వాడుతున్నారని డాక్టర్ అడిగితే బాబాయి ఫోన్ తీసి ఈ మెసేజే చూపించాడట, "మాత్రలు ఆపేశానండీ, పొద్దున ఒక చెంచా సాయంత్రం ఒక చెంచా అతిమధురం పొడి, ఇరవై ఒక్క రోజులన్నారు కానీ మంచిదే కదా అని రెండు నెలలు కొనసాగించా" అని, గొప్పగా.

ఏం జరిగిందో చెప్తా, మెసేజ్ రాసినవాడికి తెలిసుంటే రాసేవాడు కాదు, తెలిసీ రాసుంటే వాడితో నాకు మాటల్లేవు. కిడ్నీలో ఉప్పుని బయటకి పోనివ్వకుండా పట్టుకునే తాళం ఒకటుంది. దాన్ని తిప్పాల్సింది ఆల్డోస్టెరాన్ అనే హార్మోను. కానీ కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా ఆ తాళంలో సరిగ్గా పడుతుంది, రక్తంలో అది దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని అక్కడ ఒక ఎంజైమ్ కాపలా కూర్చుని వచ్చిన కార్టిసాల్‌ని వచ్చినట్టు పనికిరాని కార్టిసోన్‌గా మార్చేస్తుంటుంది. అతిమధురానికి ఆ తీపి ఇచ్చే గ్లిసిరైజిన్ ఉంది చూడండి, అది ఈ కాపలావాడిని పడుకోబెట్టేస్తుంది. ఇక కార్టిసాల్ వెళ్లి ఆ తాళం తిప్పేస్తుంది, ఉప్పూ నీళ్లూ ఒంట్లో ఆగిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. కాళ్ల వాపు, పిక్కలు పట్టటం, 198, అన్నీ అక్కడివే.

ఈ కాపలా ఎంజైమ్ జీనే రెండు కాపీలూ చెడిపోయి పుట్టే పిల్లలున్నారు, చాలా అరుదు, చిన్న వయసులోనే భయంకరమైన బీపీ, పొటాషియం పడిపోవటం, అచ్చం ఇవే లక్షణాలు. ఆ పిల్లలకి పుట్టుకతో వచ్చినదాన్ని మా బాబాయి కిరాణా కొట్లో కొనుక్కుని రోజుకి రెండు చెంచాలు మింగాడు. జన్యువు వేరు తిండి వేరు అని వాదించేవాళ్లకి ఇంతకంటే నేనేం చూపించాలి, రెండూ వెళ్లి ఒకే కిడ్నీలో ఒకే తాళం మీద చెయ్యి వేస్తున్నాయి.

దగ్గొస్తే చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవటం వేరు, దాని జోలికి నేను రావట్లా. నాకు తెలిసిన ఆయుర్వేదం డాక్టరమ్మ ఒకావిడ అతిమధురం రాసేముందు బీపీ చూస్తుంది, ఉంటే ఇవ్వదు. వాట్సాప్ వైద్యానికే ఆ పట్టింపు లేదు.

మాత్రలు అలవాటైపోతాయట. కళ్లజోడు కూడా అలవాటే, తీసేసి బస్సు బోర్డు చదువు మరి. కిడ్నీలు పోతాయట. ఏళ్ల తరబడి కంట్రోల్లో లేని బీపీయే కిడ్నీల్ని తింటుంది, డయాలసిస్ వార్డులో పక్క మంచం వాళ్లని అడగండి. మాత్రలకి ఇబ్బందులు లేవని నేననను, అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి, రామిప్రిల్ లాంటి వాటితో పొడిదగ్గు పట్టుకుని వదలదు, అవి నిజం, నా కౌంటర్ దగ్గర వారానికొకరు చెప్తారు. అలాంటప్పుడు మందు మార్చమని అడగాలి, రకాలు బోలెడున్నాయి. ఇంకో మాట, ఇది చదివి ఉత్సాహంగా తక్కువ సోడియం ఉప్పు కొనేవాళ్లుంటారు, చైనా పల్లెల్లో ఇరవై వేల మందికి పైగా మీద చూస్తే దానితో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, మంచిదే, కానీ అందులో కలిపేది పొటాషియం కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

బాబాయి బానే ఉన్నాడు, మళ్లీ ఐదో తారీకున వస్తున్నాడు, మెట్లు తనే ఎక్కుతున్నాడు.

నన్ను ట్యాగ్ చేసినోడా, ఇప్పుడు నీకు. మీ నాన్నగారి మాత్రలు పోయిన వారం నుంచి ఆపించావని మీ చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన చీటీ ఫోటో నా ఫోన్లో ఉంది. స్ట్రిప్ తీసి కౌంటర్ పక్కన పెట్టా, ఆయన్ని కూడా తీసుకురా, బీపీ చూద్దాం. రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటా, ఆ కషాయం డబ్బా కూడా పట్టుకొచ్చెయ్.