ఆ 27 కిలోల లెక్క గురించి

తల 60 డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని, ఫోన్ వాడకం వల్ల వచ్చే మెడనొప్పి మీద వేసిన వ్యాసంలో రాశారు. అది 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ మోడల్ మీద కట్టిన లెక్క. మనుషుల మెడలు కొలిచి తేల్చింది కాదు. ఆ ముక్క కూడా రాసుంటే బాగుండేది. అది చదివినప్పటి నుంచి మా ఆవిడ పిల్లాడి వెంట పడింది! 2018లో బ్రెజిల్‌లో 18-21 ఏళ్ల వాళ్లను పరిశీలిస్తే, ఫోన్ చూసే భంగిమకీ మెడనొప్పికీ సంబంధం కనిపించలేదు.

అలాగని ఏమీ కాదని కాదు. మాది నెల్లూరు, పని మీద పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒంగోలు పోయొస్తుంటా. ఎక్కింది మొదలు కావలి దాటేదాకా పక్కసీటు కుర్రాడు తల ఎత్తడు. గడ్డం ఛాతీకి ఆనించి ఉంటాడు, బొటనవేలు ఒక్కటే కదులుతుంటుంది. నన్నడిగితే అసలు చిక్కు ఆ వంపు కన్నా కదలకపోవడంలోనే ఉంది. గంటల తరబడి ఒకే తీరున కూర్చుంటే కండరాలు పట్టేయవా? ఫోన్లు రాకముందు కూడా మా వీధి కంసాలికీ, టైలర్‌కీ మెడ పట్టేసేది గదా.

మోచేతులు ఒళ్లో బ్యాగు మీద ఆనించి, ఫోన్ కళ్ల ఎత్తుకి తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. మధ్యలో లేచి బోగీ చివరిదాకా నడిచొస్తే ఇంకా మేలు. చేతిలోకి తిమ్మిరి పాకుతున్నా, వేళ్లలో పట్టు తగ్గుతున్నా మాత్రం బామ్ రాసుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించుకోవాలి.