కావలెను: ఖాళీ పాత్ర

బెజవాడ అపార్టుమెంట్లలో ఈమధ్య ఒక కొత్త వర్గం బయలుదేరింది. వీరు పగలు ఉద్యోగాలు చేస్తారు, రాత్రిళ్లు విదేశీ వీడియోలు చూస్తారు, ఆదివారం నాడు ఇంట్లో ఏదో ఒకటి పులియబెట్టాలని సంకల్పిస్తారు. ఒకరిది అల్లం పానీయం, మరొకరిది కొంబుచా అనే పులిసిన టీ, ఇంకొకరిది నల్లద్రాక్ష రసం. సంకల్పం ఏదైనా అందరికీ అడ్డుపడేది ఒక్కటే. అల్లం కాళేశ్వరరావు మార్కెట్టులో దొరుకుతుంది, పంచదార వీధి చివరి కొట్లో దొరుకుతుంది, ఈస్టు పొట్లం కొరియరులో గుమ్మం దాకా వస్తుంది. వీటన్నిటినీ కలిపి పోసి ఉంచడానికి పాత్ర మాత్రం దొరకదు. ఊళ్లో పాత్రలకు కరువు వచ్చి కాదు, ఉన్న పాత్రల్లో ఖాళీగా ఉన్నది ఒక్కటీ లేక. ఇంత ముఖ్యమైన పౌరసమస్యను కార్పొరేషన్ సమావేశాల్లో ఎవరూ ప్రస్తావించకపోవడం విచారకరం కనుక, ఆ బాధ్యతను ఈ వ్యాసం తలకెత్తుకుంటున్నది.

ముందుగా చట్టం సంగతి చెప్పుకోవాలి. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అందుచేత బీరు, వైను అనే మాటలు ఇక్కడ పరదేశపు ఆచారాలుగా మాత్రమే వస్తాయని పాఠకులు గ్రహించగలరు. అయితే ఆ చట్టంలో ఔత్సాహికులు గమనించవలసిన విశేషం ఒకటుంది. తయారు చేయడమే కాదు, తయారు చేసే నిమిత్తం పాత్రను దగ్గర ఉంచుకోవడం కూడా తప్పేనని అది చెబుతున్నది. అంటే పాత్రలో ఏముందో చూసి ఊరుకుంటే సరిపోదు, అది ఏ ఉద్దేశంతో అటక మీద కూర్చున్నదో కూడా విచారించాలి. మనుషుల ఉద్దేశాలు తేల్చడానికే కోర్టులకు ఏళ్లు పడుతున్న దేశంలో, నోరు వెడల్పుగా ఉన్నా మాట పెగలని ఒక జాడీ ఉద్దేశాన్ని ఎవరు, ఎలా రాబట్టగలరో ఆలోచించవలసిన విషయం.

ఈ రంగంలో నిజమైన అనుభవజ్ఞులైన నాటుసారా కాచేవారు జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటారు. బెల్లపు ఊట ధ్వంసం అనే శీర్షిక కింద, ఒరిగిన నీలం డ్రమ్ముల పక్కన నిలబడిన ఎక్సైజు సిబ్బంది ఫొటో వస్తుంది. పాత్ర సమస్యను పరిష్కరించుకున్నవారు మన ప్రాంతంలో వారొక్కరే. వారి డ్రమ్ముల్లో అంతకుముందు ఏ రంగో, ఏ రసాయనమో ఉండేదన్న చింత వారికి లేదు గనుక పరిష్కారం సులువైంది. మన ఔత్సాహికుడికి ఆ ధైర్యం లేదు. అతడు ఆటోనగర్‌లో పాత డ్రమ్మును తిరగేసి, అడుగున త్రికోణంలో ఉన్న అంకె 2 అని చూసుకుని, అది ప్లాస్టిక్కు రకాన్ని చెబుతుందే తప్ప ఆహారానికి పనికివస్తుందని హామీ ఇవ్వదని తెలుసుకుని, ఒట్టి చేతులతో ఇంటికి వస్తాడు.

ఇంట్లో పరిస్థితి మరింత క్లిష్టం. మన వంటింట్లో ప్రతి పాత్రా శాశ్వత ప్రాతిపదికన నియమితమైన ఉద్యోగి. దానికి పోస్టు ఉంది, సీనియారిటీ ఉంది, పై అధికారి ఉంది. డెప్యుటేషన్ మీద పంపే పద్ధతి మాత్రం లేదు. ఇడ్లీ పిండి గిన్నెకు రాత్రి డ్యూటీ. పాల గిన్నెను పాలకు తప్ప మరి దేనికీ వాడరాదన్న నిబంధన రాజ్యాంగం కంటే పాతది. ఇత్తడి గంగాళం పెద్దది, గంభీరమైనది, ఏడాది పొడుగునా అటక మీద పదవీ విరమణ చేసినట్టే ఉంటుంది. కానీ పులుపు తగిలితే చిలుము పడుతుంది, కళాయి వేయించాలంటే ఆ పనివాడు వీధిలోకి రావడం మానేసి చాలాకాలమైంది. అల్యూమినియం డేగిశా ఆమ్లానికి తట్టుకోదు. మిగిలింది స్టీలు. స్టీలు బిందెకు శాస్త్రం అభ్యంతరం చెప్పదు, కడగడం సులువు, వాసన పట్టదు. అభ్యంతరమంతా దాని మెడ చుట్టూ చెక్కి ఉంటుంది.

పెళ్లికి వచ్చిన స్టీలు సామాను మీద ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ చెక్కించడం మన ఆచారం. ఈ ఆచారం చదివింపుల లెక్క కోసం పుట్టిందనుకుంటాం గానీ, దాని న్యాయపరమైన పర్యవసానాలను ఇంతవరకు ఎవరూ పరిశీలించలేదు. రేపు అధికారులు వచ్చి నురగ కడుతున్న బిందెను స్వాధీనం చేసుకుంటే, పంచనామాలో మొదట ఎక్కేది తెనాలిలో పురాణ కాలక్షేపం చేసుకుంటున్న మేనత్త పేరు. ఆమె ఏకాదశి నాడు మంచినీళ్లు సైతం ఆలోచించి తాగే మనిషి కావచ్చు. బిందె మీద అక్షరాలు ఆ సంగతి చెప్పవు కదా.

ఇక జాడీ. లోపల తెలుపు, బయట గోధుమరంగు, మందపాటి గోడలు, వెలుతురు చొరని కడుపు. పులియబెట్టడానికి దీనిని మించినది లేదని ఏ దేశపు నిపుణుడైనా ఒప్పుకుంటాడు. పైపూత నాసిరకమైతే పులుపుకు సీసం దిగే ప్రమాదం ఉంది గనుక మంచిది చూసి కొనాలని కూడా ఆ నిపుణుడే చెబుతాడు. మన ఇంటి జాడీ మంచిదే. కానీ అది వైశాఖంలో ఆవకాయతో నిండి, మళ్లీ మాఘ ఫాల్గుణాలకు గాని ఖాళీ కాదు. ఆ రెండు నెలల విరామంలో దానిని కడిగి, ఎండబెట్టి, బోర్లించి ఉంచుతారు. చూసేవారికి అది ఖాళీగా ఉన్నట్టు కనిపించినా సర్వీసు నిబంధనల ప్రకారం అది అర్జిత సెలవులో ఉన్నట్టు. ఆ సెలవులో దానిని పనికి పిలుద్దామని ఒక ఔత్సాహికుడు తన తల్లిగారిని అభ్యర్థించగా, “ఒరేయ్ నాయనా, నీ అల్లం నీళ్లు పోసిన జాడీలో వచ్చే ఏడు ఆవకాయ బూజు పడితే నీ పెళ్లాం పుట్టింటి నుంచి తెప్పిస్తావురా?” అని ఆవిడ అడిగినట్టు తెలిసింది. ఎక్సైజు చట్టానికి అప్పీలు ఉంది. దీనికి లేదు.

పాత్ర దొరికిందే అనుకుందాం. అప్పుడు మూత అనే రెండో ప్రశ్న పుడుతుంది. కొంబుచాకు గాలి ఆడాలి, కాబట్టి వెడల్పు మూతికి పలుచని బట్ట చాలు. ఆ బట్టకు మన పెద్దవాళ్లు వాసెన అని ఎప్పుడో పేరు పెట్టారు. కూరగాయల ఊరగాయకు ముక్కలు ఉప్పునీటిలో మునిగి ఉండాలి, అంటే పైన బరువు పెట్టాలి. ఈస్టుతో పులిసే పానీయానికి మాత్రం గాలి లోపలికి రాకూడదు, లోపలిది బయటికి పోవాలి. ఈ చివరి మాటను తేలికగా తీసుకునేవారి కోసం చిన్న లెక్క. కిలో పంచదారను ఈస్టు పూర్తిగా తినేస్తే వెలువడే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) మన గదుల ఉష్ణోగ్రతలో 280 లీటర్లకు పైమాటే. దానిని ఐదు లీటర్ల గాజు సీసాలో బిగించి మంచం కింద పెట్టినవాడు పానీయం తయారు చేయడం లేదు, దీపావళికి ముందే సామాను సిద్ధం చేస్తున్నాడు. అందుకే విదేశాల్లో మూతకు నీటి బుడ్డి గల చిన్న గొట్టం బిగిస్తారు. వాయువు నీటిలోంచి బుడబుడమంటూ పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. మనవారు దీనికి బదులు మందుల కొట్లో సెలైన్ గొట్టం కొని, ఒక కొస మూతలోకి, రెండో కొస నీళ్ల సీసాలోకి దించుతారు. పనిచేస్తుంది. సూర్యారావుపేటలో ఆ గొట్టం అడిగినప్పుడు “పేషెంటు ఎవరండీ?” అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ముందే అనుకుని వెళ్లడం మంచిది.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు. అక్కడివారు ఒక విడతకు ఐదు గ్యాలన్లు కాస్తారు. అది దాదాపు 19 లీటర్లు. ఈ అంకె చదవగానే బెజవాడవాసి చూపు వంటింటి మూలకు మళ్లుతుంది. అక్కడ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఉంది! ప్రపంచం మొత్తం వెతుకుతున్న పరిమాణంలో, ఇరుకు మూతితో, అడ్వాన్సు కట్టి మరీ తెచ్చుకున్న పాత్ర ప్రతి ఫ్లాటులోనూ సిద్ధంగా ఉంది. చిక్కల్లా అది మనది కాదు. రెండు రోజులకోసారి నీళ్ల కుర్రాడు వచ్చి ఖాళీ క్యాను పట్టుకుపోతాడు, పులియడానికి వారం పైనే పడుతుంది. పైగా ప్లాస్టిక్కు గీతల్లో దాక్కున్న ఈస్టు ప్లాంటుకు వెళ్లి, అక్కడినుంచి మూడో అంతస్తులోని రిటైర్డు తెలుగు మేష్టారి ఇంటికి బదిలీ అయితే, ఆయన సంధ్యావందనానికి పట్టిన నీటి స్వభావం గురించి అపార్టుమెంటు సంఘంలో తలెత్తే చర్చను ఊహించుకోవచ్చు.

కుండ ఉంది కదా అని పెద్దలు అంటారు. నిజమే, తాటిచెట్టు మీద కట్టిన లొట్టిలో ఎవరూ ఈస్టు వేయరు. గాలిలోనిది, పాత లొట్టి గోడల్లో మిగిలినది కలిసి సూర్యుడు ఎక్కేసరికి కల్లు చేసి పెడతాయి. లోపల సున్నం పూస్తే ఆ పని ఆగి పులియని తీపి నీరా దిగుతుంది. తరవాణి కుండా అంతే, గంజి పోసుకుంటూ, పులిసిన నీళ్లు తీసుకుంటూ ఏళ్ల తరబడి నడిచేది. మట్టి రంధ్రాల్లో నిన్నటిది రేపటికి మిగలడమే అక్కడి బలం. ఈ బలమే కొత్త ఔత్సాహికుడికి భయం. పులియడం సూక్ష్మజీవుల పని అని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ 1857లో చెప్పాక, 1883లో కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హాన్సెన్ ఒకే జాతి ఈస్టును వేరుచేసి పెంచాక, పాత్రలో మనం పిలిచిన జీవి తప్ప మరొకటి ఉండరాదని వీడియోలు బోధిస్తున్నాయి. కుండకు పిలవని చుట్టాలను వెళ్లగొట్టే అలవాటు లేదు.

వీటన్నిటినీ దాటుకుని గాజు పాత్ర తెప్పించుకున్నవారికి మే నెల ఎదురవుతుంది. విదేశీ ఈస్టుకు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల హాయి. మనకు బయట నలభై దాటుతుంది, అంత వేడిలో అది రంగు పలచన చేసే ద్రావకపు వాసన కొట్టే సరుకు తీస్తుంది. కాబట్టి పాత్రను ఏసీ గదిలోకి మారుస్తారు, ఆ గదిలో పడుకునే తల్లిగారిని హాల్లో ఫ్యాను కిందికి మారుస్తారు, జాడీ విషయంలో ఆవిడ వైఖరి మెత్తబడే అవకాశం దానితో పూర్తిగా పోతుంది.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వానికి ఒక్క సూచన. వన్ టౌన్ పాత్రల కొట్లలో పేర్లు చెక్కే ఏర్పాటు ఇప్పటికే ఉంది గనుక, పేరు పక్కన పాత్ర ఉద్దేశాన్ని కూడా చెక్కించడం తప్పనిసరి చేస్తే చట్టానికీ, వంటింటికీ కూడా వెసులుబాటుగా ఉంటుంది. “ఇడ్లీ పిండి నిమిత్తం” అన్నది ఏ గిన్నె మీదైనా పడుతుంది. “మత్తు కలిగించే ఉద్దేశం ఎంతమాత్రమూ లేకుండా, కేవలం స్వకుటుంబ వినియోగార్థం పులియబెట్టు అల్లం పానీయం నిమిత్తం” అన్నది మాత్రం ఐదు లీటర్ల పాత్ర అంచున పట్టదు, పది లీటర్లది కొనవలసి వస్తుంది. అదీ మేనత్త కానుకగా ఇస్తే ఆమె పేరుకు, తెనాలికి, తేదీకి మరికాస్త చోటు వదిలి.