ఫ్రేమ్ ఒక్కటే చాలదు
దూరప్రయాణాల సైకిల్‌కి గట్టి స్టీల్ ఫ్రేమ్ ఉంటే చాలు, మిగతావి ఏవైనా పరవాలేదని ఒక వ్యాసంలో రాశారు. స్టీల్ మంచిదే, విరిగినా వెల్డింగ్ చేయించుకోవచ్చు. కానీ ముందుగా ఇబ్బంది పెట్టేది వెనక చక్రం. మనిషి బరువు, సామాను బరువు చాలావరకు దాని మీదే పడతాయి. పైగా గేర్లకి చోటివ్వాలి కాబట్టి కుడివైపు స్పోకులు బాగా బిగువుగా, ఎడమవైపువి కాస్త వదులుగా ఉంటాయి. వదులైన స్పోకు చక్రం తిరిగిన ప్రతిసారీ సడలి బిగుసుకుంటూ చివరికి హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో తెగుతుంది. అందుకే 36 స్పోకుల రిమ్ము తీసుకుని, ఒక్కోవైపు ఉన్న స్పోకులన్నిటి బిగువు సమానంగా వచ్చేదాకా ఓపిగ్గా బిగించాలి. నా చక్రాలు నేనే అలా అల్లుకున్నాను, నిండు సామానుతో గతుకుల్లో తిప్పినా వంకర పోలేదు. కుడివైపు స్పోకు తెగితే మార్చడానికి సాధారణంగా క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే గేర్ల పళ్ళచక్రాల కట్ట) ఊడదీయాల్సి వస్తుంది, దాన్ని ఊడదీసే పనిముట్టు కూడా సామానులో పెట్టుకోండి.