ఓవర్‌బిడ్ ఎవరి జేబులోంచి?

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఇల్లు కొనడం గురించిన ఒక వ్యాసంలో, అడిగిన ధర మీద ఎక్కువ వేస్తేనే (అదే ఓవర్‌బిడ్) ఇల్లు దక్కుతుందని రాశారు. నిజమే. కానీ బ్యాంకు లోన్ మామూలుగా ఇంటి మదింపు విలువ (నిపుణులు లెక్కకట్టిన ధర) వరకే. 5,40,000 యూరోలకు బిడ్ వేసి మదింపు 5,15,000 వస్తే, ఆ 25,000 మీ చేతి డబ్బే. మీరే ఉండబోయే ఇంటికైతే బదిలీ పన్ను 2 శాతం, అంటే 10,800. నోటరీ, అడ్వైజర్ ఫీజులు వేరే. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఒక్కసారి ఈ పన్ను మినహాయింపు ఉంది, కానీ ఇంటి ధర పరిమితి దాటితే అస్సలు రాదు.

లోన్ రాకపోతే, తనిఖీలో పెద్ద లోపం బయటపడితే కొనడం మానుకోవచ్చని ఒప్పందంలో రాసుకునే లోన్ షరతు, ఇంటి తనిఖీ షరతులను పోటీలో నెగ్గాలని తీసేయకండి, దయచేసి. సంతకాలైన ఒప్పందం కాపీ చేతికొచ్చాక 3 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. ఆ తర్వాత, ఒప్పందంలో లోన్ షరతు లేకపోయి లోన్ రాకపోతే సాధారణంగా ఇంటి ధరలో 10 శాతం జరిమానా!

పాత వరస ఇళ్లలో వీధి తలుపు దగ్గర మ్యాట్ ఎత్తి, కింద ఉన్న చెక్క మూత తెరిపించండి. నేల కింద నీళ్లు నిలిచాయా, దూలాలు మెత్తబడ్డాయా అన్నది టార్చి వేస్తే అక్కడే తెలుస్తుంది. 1994కి ముందు కట్టినదైతే ఆరోగ్యానికి హాని చేసే ఆస్బెస్టాస్ సంగతీ అడగండి.