వ్యాపారం పెరిగేకొద్దీ మనిషి అరిగిపోవాలా?

విశాఖపట్నంలో సొంత వ్యాపారం పెట్టి పదిమందికి జీతాలిస్తున్న మన బంధువుల గురించి ఇక్కడ అమెరికాలో మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ, రెండో దుకాణం తెరిచిన ఏడాదే వారి ఆరోగ్యం ఎందుకు దెబ్బతింటోందో ఆలోచించం. నాలుగు రోజులు అరకు వెళ్లి రమ్మని సలహా ఇచ్చి ఊరుకుంటాం. ఆ సలహా వల్ల ఒరిగేదేమీ లేదని నా నిశ్చితాభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వ్యాధిగా కాక, పనిలోని ఒత్తిడిని ఎంతకాలమైనా చక్కదిద్దుకోకపోవడం వల్ల వచ్చే స్థితిగా వివరించింది. సత్తువ ఉడిగిపోవడం, పనిపై విరక్తి, ఎంత చేసినా ఫలితం లేదన్న భావన దాని లక్షణాలు. కారణం పని జరిగే తీరులో ఉన్నప్పుడు, సెలవు ముగిసి కొట్టు తెరిచిన మర్నాడే ఆ అలసట మళ్లీ మొదలవుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే మా బంధువు దుకాణంలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. క్యారియర్ విప్పి పప్పన్నం కలుపుకున్న ఆయన, ఎడమచేత్తో ఫోను పట్టుకుని, బ్రేక్ డ్రమ్ముపై రెండువందలు తగ్గించవచ్చా, అనకాపల్లి పార్టీకి అరువివ్వవచ్చా అన్న ప్రశ్నలకు వరుసగా జవాబులు చెబుతూనే ఉన్నారు, అన్నం చల్లారిపోయింది. అడుగుతున్న గుమస్తాకు ఆ ధరలన్నీ కంఠతా వచ్చు. కానీ, కొట్టు చిన్నగా ఉన్న రోజుల్లో పెట్టిన ‘నన్నడగకుండా ఇవ్వొద్దు’ అన్న కట్టడి ఈనాటికీ అమల్లో ఉంది.

డబ్బు దగ్గర ఎవరినీ నమ్మలేమన్న భయం నిరాధారమని నేననను. దెబ్బతిన్నవారు ఆ మాట ఊరికే అనరు. అయితే ఎంతవరకు తగ్గింపు గుమస్తా చేతిలో ఉంటుందో, ఎంతవరకు అరువు మేనేజరు ఇవ్వవచ్చో కాగితం మీద రాసిచ్చి, వారం చివర లెక్క సరిచూసుకుంటే, పోయేది ఎప్పుడో ఒకసారి కొన్ని వందలే. జీఎస్టీ రిటర్నుల గడువులు గుర్తుపెట్టుకునే భారం అకౌంటెంటుకే వదిలేయాలి. ఇవన్నీ రెండో దుకాణం తెరవక ముందే జరగాలి.

ఇక్కడి నుంచి ఆ వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టిన మనకూ ఇందులో బాధ్యత ఉంది. వేసవిలో న్యూయార్క్ నుంచి మధ్యాహ్నం 12 గంటలకు మనం తీరిగ్గా చేసే ఫోను విశాఖలో రాత్రి 9:30కి, ఆయన పిల్లలతో కూర్చునే వేళకు మోగుతుంది. అదే మనం రాత్రి 10:30కి చేస్తే అక్కడ మర్నాడు ఉదయం 8 గంటలవుతుంది. లెక్కలు ఆ వేళకు, వారానికి ఒక్కసారే అడుగుదాం. అదీ ఆయన్ను కాదు, మేనేజరును.