కాస్మిక్ కిరణాల మీదకు నెట్టేస్తే కార్బన్ తప్పు పోతుందా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "భూమి వేడెక్కేది కార్బన్ వల్ల కాదు. సూర్యుడి అయస్కాంత క్షేత్రం బలపడి కాస్మిక్ కిరణాలు తగ్గాయి, దాంతో మేఘాలు తగ్గి ఎండ పెరిగింది. ఇస్రో మాజీ చైర్మన్ యు.ఆర్. రావే చెప్పారు."

కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు. సూర్యుడి క్షేత్రం బలంగా ఉంటే అవి మన దాకా తక్కువగా వస్తాయి. అవి గాలిలో పుట్టించే సన్నటి రేణువుల మీదే మేఘాలు కడతాయన్నది ఈ వాదన. ముందు రావుగారి సంగతి. 2011లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఆయన రాసిన మాట నిజమే. 150 ఏళ్లలో కాస్మిక్ కిరణాలు 9 శాతం తగ్గాయని, వేడిలో కొంత వాటా దానిదని అన్నారు. కార్బన్‌ను కొట్టిపారేయలేదు. 'కొంత'ను 'అంతా' చేసింది మెసేజ్ రాసినవాళ్లు. విక్రమ్ సారాభాయ్ దగ్గర కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన మనిషి, ఆయన మాటకు విలువుంది. అయినా పెద్దరికంతో లెక్క నెగ్గదు కదా.

సూర్యుడి అయస్కాంత క్షేత్రం బలపడిందా? 20వ శతాబ్దం తొలి సగంలో, అవును. కాస్మిక్ కిరణాలు గాలిలోని పరమాణువుల కేంద్రకాలను పగలగొడితే బెరీలియం-10 అనే మూలకం పుడుతుంది. ధ్రువాల మంచు పొరల్లో అది ఆ రోజుల్లో తగ్గడం కనిపిస్తుంది. మెసేజ్ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. 1980ల నడిమి నుంచి కథ తిరగబడింది, క్షేత్రం నీరసిస్తూ వచ్చింది. ఫిన్లాండ్‌లోని ఔలులో 1964 నుంచి ఒక న్యూట్రాన్ మానిటర్ ఈ కిరణాలను లెక్కపెడుతోంది. 2009లో, సూర్యుడి క్షేత్రం నీరసించి మచ్చలు దాదాపు మాయమైనప్పుడు, అక్కడ అంతకుముందెన్నడూ లేనంత లెక్క వచ్చింది. మెసేజ్ తర్కమే నిజమైతే అప్పటికి మేఘాలు కమ్మి భూమి చల్లబడుతూ ఉండాలి. జరిగిందేమిటి? 1980ల నుంచి ప్రతి దశాబ్దమూ ముందుదాన్ని మించి వేడెక్కింది.

ఇక మేఘాలు. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో, 'క్లౌడ్' ప్రయోగంలో, కాస్మిక్ కిరణాల బదులు స్టీలు గదిలోకి కణాల ధార పంపి చూశారు. సన్నటి రేణువులు ఎక్కువగా పుట్టిన మాట వాస్తవమే, కానీ అవి ఒకటి రెండు నానోమీటర్లవి. నీటిబొట్టు కట్టాలంటే సుమారు 50 నానోమీటర్లకు పెరగాలి. చాలావరకు ఆలోపే పెద్ద రేణువులకు అతుక్కుపోతాయి. అంతెందుకు, దాదాపు 41,000 ఏళ్ల కిందట భూమి అయస్కాంత క్షేత్రమే బాగా పడిపోయి కాస్మిక్ కిరణాలు విరుచుకుపడ్డాయి. గ్రీన్‌లాండ్ మంచులో బెరీలియం-10 పెరిగిన జాడ ఉంది, దానికి తగ్గ చలి జాడ లేదు.

ఒక్కటే మిగిలింది. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత, తేటగా ఉన్న రాత్రి చల్లదనం మనకు తెలిసినవే. మేఘాలు తగ్గడమే కారణమైతే రాత్రుల కంటే పగళ్లే ఎక్కువ వేడెక్కాలి. 1950ల తర్వాత నేల మీద, మొత్తంగా చూస్తే, వేగంగా వేడెక్కింది రాత్రులే.