శ్రీలంకలో ఆ 61 శాతం ఎవరిది?

అనుర కుమార దిసనాయకే అధ్యక్షుడై ఎనిమిది నెలలైనా నిండకముందే శ్రీలంక ఓటరు మరో రెండుసార్లు పోలింగ్ కేంద్రానికి వెళ్లాడు. 2024 నవంబరు పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమి నేషనల్ పీపుల్స్ పవర్‌కు 61.56 శాతం ఓట్లు, 225లో 159 సీట్లు వచ్చాయి. ఆరు నెలలు తిరిగేసరికి, 2025 మే 6న జరిగిన స్థానిక ఎన్నికల్లో అదే కూటమి 43 శాతం దగ్గర ఆగిపోయింది. పతనం మొదలైందని ప్రతిపక్షం సంబరపడింది. 339 స్థానిక సంస్థల్లో 260కి పైగా చోట్ల తామే ముందున్నామని ప్రభుత్వం చాటుకుంది. అంకెల వరకు ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ 61 శాతాన్ని దిసనాయకే సొంత ఆస్తిగా లెక్కగట్టడంలోనే అసలు తిరకాసు ఉంది.

2024 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికల్లో ఆయనకు మొదటి లెక్కింపులో వచ్చింది 42.31 శాతమే. సగం దాటలేదు కాబట్టి ఆ దేశ చరిత్రలో తొలిసారిగా రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టి విజేతను తేల్చారు. 2019లో 3 శాతంతో సరిపెట్టుకున్న అభ్యర్థికి ఇది మామూలు ఎదుగుదల కాదు. 2022 ఆర్థిక పతనం పాత రాజకీయ కుటుంబాలన్నింటినీ ఓటరు కళ్ల ముందు దోషులుగా నిలబెట్టింది, అధికారం రుచి పెద్దగా ఎరగని పార్టీ ఆయనదొక్కటే మిగిలింది. అయినా ఓటు వేసినవారిలో సగానికి పైగా అప్పటికి ఆయన్ను కోరుకోలేదన్నదీ అంతే నిజం.

ఏడు వారాల్లో 42 కాస్తా 61 ఎలా అయింది? కొత్త అధ్యక్షుడికి పార్లమెంటు కూడా అప్పగించడం శ్రీలంక ఓటరుకు అలవాటే. గొటబాయ రాజపక్స 2019 నవంబరులో 52 శాతంతో గెలిస్తే, 2020 ఆగస్టులో ఆయన పార్టీ 59 శాతానికి ఎగబాకింది. మరో రెండేళ్లకు ఆయన దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. ఓడినవారి మద్దతుదారులు ఇంట్లో కూర్చోవడం రెండో కారణం. సెప్టెంబరులో 79 శాతం దాటిన పోలింగ్ నవంబరుకు 69కి జారింది. అధ్యక్ష ఎన్నికల్లో రెండో స్థానంలో నిలిచిన సజిత్ ప్రేమదాసకు పడిన 43 లక్షల ఓట్లలో సగం కూడా ఆయన పార్టీకి తిరిగి రాలేదు. అంటే నవంబరు గెలుపులో కొంత దిసనాయకే సంపాదన, కొంత ఎదుటివారి నిస్పృహ.

శాతాలను పక్కనపెట్టి ఓటర్ల తలలు లెక్కపెడితే బొమ్మ మారుతుంది. ఆయనకు సెప్టెంబరులో 56 లక్షల ఓట్లు, ఆయన కూటమికి నవంబరులో 68 లక్షలు, మేలో 45 లక్షలు. మే నాటి 43 శాతం సెప్టెంబరు నాటి 42 శాతంలాగే కనిపిస్తుంది. పాత బలం చెక్కుచెదరలేదని పాలక పక్షం చెప్పుకోవడానికి అది వీలుగా ఉంది. పోలింగ్ తగ్గడం వల్ల శాతం నిలబడింది తప్ప, అధ్యక్ష ఎన్నికల్లో ఆయన్ను నమ్మినవారితో పోల్చినా దాదాపు 11 లక్షల ఓట్లు తక్కువే. స్థానిక ఎన్నికల్లో బంధుత్వాలు, వీధి సమస్యలు, స్వతంత్ర అభ్యర్థులు ఓట్లు చీల్చుకునే మాట నిజమే. ఎంత తగ్గించి చూసినా 11 లక్షలు చిన్న సంఖ్య కాదు.

మరి ప్రతిపక్షానికి దక్కిందేమిటి? సజిత్ పార్టీకి నవంబరుతో పోలిస్తే మూడు లక్షలకు అటూ ఇటూ ఓట్లు పెరిగాయి, అంతే. రాజపక్సల పార్టీ 3 శాతం నుంచి 9కి చేరింది. దాన్ని పునరాగమనం అనలేం గానీ, చచ్చిన పాములా కొట్టిపారేయడానికీ లేదు. మిగిలినవి చిన్న పార్టీలకు, స్వతంత్రులకు చెల్లాచెదురయ్యాయి. ఓటరు దిసనాయకే నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు కానీ ఇంకెవరి దగ్గరికీ వెళ్లలేదు.

ఆ ఒక్క అడుగుకు వంటింట్లోనే కారణాలు దొరుకుతాయి. బియ్యానికి గరిష్ఠ ధర ప్రకటిస్తే కొన్ని రకాలు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. కొబ్బరికాయ ధర మండింది. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో ఉప్పుకు కటకట వచ్చింది. ప్రతిపక్షంలో ఉండగా విమర్శించిన అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒప్పందాన్నే, 290 కోట్ల డాలర్ల ఆ రుణ షరతుల చట్రాన్నే, అధికారంలోకి వచ్చాక ఈ ప్రభుత్వం కొనసాగిస్తోంది. విడిపోయి బయటపడే దారి వారికి నిజంగానే లేదు. కానీ విద్యుత్ ఛార్జీల కథ చూడండి. జనవరిలో 20 శాతం తగ్గాయి, జూన్‌లో 15 శాతం పెరిగాయి. మధ్యలో మే ఎన్నికలు. ధర నిర్ణయించేది నియంత్రణ సంస్థే అయినా, ఆ వరస చూసిన సామాన్యుడు కొత్త రాజకీయం అన్న మాటను ఎంతవరకు నమ్ముతాడు?

ఉత్తరాదిలో తప్పు మరీ స్వయంకృతం. 2024 నవంబరులో జాఫ్నా జిల్లాలోని ఆరు సీట్లలో మూడు ఈ కూటమి గెలిచింది. సింహళ దక్షిణాది పార్టీకి తమిళుల గుండెకాయలాంటి జిల్లా పట్టం కట్టడం అపూర్వమని ప్రపంచమంతా రాసింది. వచ్చిన ఓట్లు మాత్రం నాలుగో వంతే. తమిళ పార్టీలు, స్వతంత్ర బృందాలు ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్నారు, జిల్లాలో మొదటి స్థానానికి దక్కే అదనపు సీటు కలిసొచ్చింది. అంత పలుచని గెలుపు దక్కినవారు మర్నాటి నుంచే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వీరేమో 2025 మార్చిలో ఉత్తర రాష్ట్రంలోని దాదాపు 5,900 ఎకరాలకు హక్కుదారులెవరో చెప్పుకోవాలంటూ గెజిట్ ఇచ్చారు. యుద్ధంలో కాగితాలు పోగొట్టుకున్నవారు మూడు నెలల్లో హక్కు నిరూపించుకోకపోతే ఆ భూమి ప్రభుత్వపరం అవుతుందన్న భయం ఊరూరా పాకింది. గెజిట్‌ను తర్వాత వెనక్కి తీసుకున్నారు, అప్పటికే ఎన్నికలు అయిపోయాయి. మా చేతిలో ఉన్న స్థానిక సంస్థల ప్రతిపాదనలైతే కళ్లు మూసుకుని ఆమోదిస్తాం, ఇతరులవైతే పదిసార్లు చూస్తాం అన్న ధోరణిలో స్వయానా అధ్యక్షుడే ప్రచారంలో మాట్లాడారు. ఇలాంటి బెదిరింపులను రాజపక్సల నోట విని విసిగిపోయే కదా ప్రజలు ఆయన్ను తెచ్చుకున్నది! మే ఎన్నికల్లో జాఫ్నాలో పాత తమిళ పార్టీ ఇళంగై తమిళ్ అరసు కట్చి మళ్లీ ముందుకొచ్చింది.

కొలంబో నగరసభ సంగతీ చెప్పుకోవాలి. 117లో 48 సీట్లతో మొదటి స్థానం వచ్చినా మెజారిటీ రాలేదు. చివరికి రహస్య ఓటింగ్‌లో ఇతరుల మద్దతు కూడగట్టుకుని 61-54తో మేయర్ పదవి దక్కించుకున్నారు. బేరాల రాజకీయాన్ని అసహ్యించుకుని పెరిగిన పార్టీకి ఆ పాఠం ఇంత తొందరగా నేర్వాల్సి వచ్చింది.

ఇక మిగిలింది రాష్ట్ర మండళ్ల, అంటే ఒక్కో రాష్ట్రానికి ఉండే ఎన్నికైన సభల, ఎన్నికలు. పదేళ్లకు పైగా అవి జరగలేదు, మండళ్లు గవర్నర్ల చేతిలో నడుస్తున్నాయి. నియోజకవర్గాల పునర్విభజన చిక్కుముడి తేలాలన్నది ప్రభుత్వం చెప్పే కారణం. మూడింట రెండొంతుల బలం ఉన్న పార్లమెంటు తలచుకుంటే ఆ చట్టాన్ని సవరించడానికి పట్టే సమయం ఎంత? మే నాటి 45 లక్షల అంకె కళ్ల ముందు ఉండగా ఆ సవరణకు తొందరపడేవారు పాలక పక్షంలో ఎక్కువమంది ఉంటారని నేను అనుకోను.